మెట్లెన్నో ముందే చెప్పండి

నెల్లూరు, ప్రకాశం, మార్కాపురం జిల్లాల కలెక్టర్ గార్లకు, పర్యాటక, దేవాదాయ, అటవీ శాఖల అధికారులకు, ఆర్టీసీ అధికారులకు,

నమస్కారం.

మా అమ్మకు డెబ్బై ఆరేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి, ఎడమ భుజం పైకి లేవదు. ఇంట్లో వాకర్ పట్టుకుని తిరుగుతుంది, బయటికి వెళ్తే వీల్‌చైర్ కావాలి. మాట, చూపు, జ్ఞాపకం మాత్రం ఇప్పటికీ బాగున్నాయి. ఆమెకు ఊళ్లు చూడాలని ఉంది. తను పుట్టిన కనిగిరి పక్క పల్లె, చిన్నప్పుడు ఎడ్లబండి కట్టుకుని వెళ్లిన భైరవకోన, పెంచలకోన, నిండుగా ఉన్నప్పుడు సోమశిల డ్యామ్, ఒక సాయంత్రం మైపాడు సముద్రం. అంతకుమించి ఏమీ అడగడం లేదు. మేముండే కావలి నుంచి పొద్దున్నే బయల్దేరితే వీటిలో దేనికైనా మధ్యాహ్నంలోపు చేరుకోవచ్చు. అయినా ఏడాది పొడుగునా అనుకుంటూనే ఉంటాం, బయల్దేరేది తక్కువ. ఎందుకలా అవుతోందో, అందులో మీరు చేయగలిగింది ఎంతో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇంతమందికి కలిపి ఎందుకు రాస్తున్నానంటే, అమ్మ పుట్టేనాటికి కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022లో, మళ్లీ 2025 డిసెంబరులో జిల్లాల గీతలు మారాయి, ఇప్పుడు కనిగిరి మార్కాపురం జిల్లాలో ఉంది. గుడి ఒక శాఖది, దాని పక్కన అడవి ఇంకో శాఖది, అక్కడికి పోయే రోడ్డు మరొకరిది. ఏ ముక్క ఎవరి కిందికి వస్తుందో మాలాంటివాళ్లకు తెలియదు. "అది మా పరిధిలోది కాదమ్మా" అనే జవాబు వినే ఓపిక కూడా ఇక లేదు. అందుకే అందరికీ ఒకే ఉత్తరం.

ఎక్కడికైనా వెళ్దామనుకుంటే నేను ముందు ఫోన్ పట్టుకుంటాను. గుడి ఎన్నింటికి తెరుస్తారో, టికెట్ ఎంతో, జలపాతం ఎంత అందంగా ఉంటుందో ఫోన్‌లో దొరుకుతాయి. నాకు కావాల్సినవి వేరు. కారు ఎంత దగ్గరికి వస్తుంది? అక్కడి నుంచి సిమెంటు బాటా, మట్టా, కంకరా? మెట్లెన్ని? ఒక్కో మెట్టు ఎత్తెంత? పట్టుకోవడానికి కమ్మీ ఉందా, ఉంటే ఏ వైపు? మధ్యలో కాసేపు కూర్చోవడానికి నీడలో బెంచీ ఉందా? కమోడ్ ఉన్న బాత్రూమ్ ఉందా, దాని తాళం ఎవరి దగ్గరుంటుంది? ఈ ప్రశ్నలకు జవాబు ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండదు, ఏ బోర్డు మీదా ఉండదు.

ఒకచోటికి ఫోన్ చేసి అడిగితే అవతలాయన చాలా మర్యాదగా, "పెద్దగా మెట్లేం లేవమ్మా, అందరూ ఎక్కేస్తారు, తీసుకురండి" అన్నాడు. తీసుకెళ్లాం. మెట్లు పద్దెనిమిది. ఒక వైపు గోడ, ఇంకో వైపు ఏమీ లేదు. ఫోన్‌లో మాట్లాడినాయన అబద్ధం చెప్పలేదు. రోజూ పదిసార్లు ఎక్కి దిగే మనిషికి అవి మెట్లని కూడా అనిపించవు. తప్పు ఆయనది కాదు, కొలిచి రాసిపెట్టిన కాగితం ఆయన దగ్గర లేకపోవడానిది. ఆ రోజు అమ్మ కిందనే కారులో కూర్చుని, "మీరు పోయి దణ్ణం పెట్టుకుని రాండి, నేను ఈడనించే మొక్కుకుంటాలే" అంది. పిల్లలు పైకెళ్లి ప్రసాదం తెచ్చారు. ఆమె నవ్వుతూనే తిన్నది. కానీ తర్వాత రెండు నెలలు ఎక్కడికి పోదామన్నా "ఎందుకులేమ్మా, నాతో మీకు ఇబ్బంది" అనే మాటే.

మెట్లుంటాయని ముందే తెలిస్తే మేము వేరే చోటికి వెళ్లేవాళ్లం. లేదా ఇద్దరు మేనల్లుళ్లను వెంటబెట్టుకునేవాళ్లం. లేదా అమ్మే "కింద కూర్చుంటాను, అక్కడ చెట్టుంటే చాలు" అని ముందే మనసు చేసుకునేది. తెలిసి ఆగిపోవడం వేరు, అంత దూరం పోయి గుమ్మం ముందు ఆగిపోవడం వేరు. కాబట్టి నేను మొదట అడిగేది పెద్దగా డబ్బుతో పని లేనిది: మీ కింద ఉన్న ప్రతి గుడి, డ్యామ్, బీచ్, పక్షుల కేంద్రం, కోట దగ్గర ఎవరినైనా పంపి కొలిపించండి. ఆ కొలతలు ఒక పేజీలో రాసి అందరికీ కనబడేలా పెట్టండి.

ఇంకా లోతైన ఇబ్బంది బాత్రూమ్. దీన్ని మర్యాద కోసం పక్కన పెడతారు గానీ, వయసు మళ్లిన ఆడమనిషి ప్రయాణం అసలు నిర్ణయమయ్యేది ఇక్కడే. అమ్మకు బీపీ ఉంది. పొద్దున వేసుకునే మాత్రల్లో ఒకటి నీళ్ల బిళ్ల. అది వేసుకుంటే గంటకోసారి ఒంటికి పోవాల్సి వస్తుంది. అందుకని ప్రయాణం ఉందంటే ఆ పొద్దున ఆ బిళ్ల మానేస్తుంది. ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించేస్తుంది. దారిలో మజ్జిగ ఇచ్చినా, టీ ఇచ్చినా వద్దంటుంది. పెదాలు ఎండిపోయి ఉంటాయి, అయినా "దప్పిక లేదు" అంటుంది. మన మెట్ట ప్రాంతపు ఎండలో డెబ్బై దాటిన మనిషి నీళ్లు తాగకుండా కూర్చుంటే ఏమవుతుందో డాక్టర్లను అడగండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, కళ్లు తిరిగి పడతారు, బీపీ అదుపు తప్పుతుంది. మా చుట్టుపక్కల ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి చూశాను. ప్రయాణమంటే నీళ్లు మానేయడం అందరిళ్లలోనూ ఉన్నదే. మగవాళ్లయితే చెట్టు చాటుకి పోతారు. ఆడవాళ్లు, అందులోనూ కింద కూర్చోలేని ఆడవాళ్లు, ఏం చేయాలి?

జాతీయ రహదారి మీద ఉన్నంతసేపు కొంత మెరుగే, పెట్రోలు బంకులు, హోటళ్లు తగులుతాయి. హైవే దిగి ఉదయగిరి వైపో, పామూరు వైపో తిరిగామా, ఇక దేవుడే దిక్కు. ఒక ఊరి బస్టాండు పక్కన పబ్లిక్ టాయిలెట్ కనబడితే ఆశగా ఆపాం. గుమ్మం దగ్గర జానెడు ఎత్తున ఒక మెట్టు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, కాబట్టి వాకర్‌తో లోపలికి పోతే తలుపు పడదు. లోపల కింద కూర్చునేది. నేలంతా తడి, నున్నటి టైల్సు. గోడకు పట్టుకోవడానికి ఏమీ లేదు, కుళాయి గొట్టం తప్ప. అమ్మ ఆ గొట్టం పట్టుకుంది, నేను ఆమె రెండు చంకల కింద చేతులు పెట్టి నిలబడ్డాను. తలుపు తీసే ఉంది, మా చెల్లెలు చీర కొంగు అడ్డం పెట్టి బయట నిల్చుంది. మా అమ్మ జీవితంలో అంత సిగ్గుపడిన క్షణం ఇంకోటి ఉందని నేననుకోను. ఆ టాయిలెట్ కట్టడానికి లక్షలు పెట్టి ఉంటారు. బయటికి తెరుచుకునే తలుపు, ఒక కమోడ్, గోడకు రెండు స్టీలు కమ్మీలు, గరుకు టైల్సు. తేడా అంతే.

మూడడుగుల వెడల్పు తలుపు, లోపల వీల్‌చైర్ తిరిగేంత చోటు, కమోడ్ పక్కన కమ్మీ ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. మన మెట్ట దారుల్లో గంట ప్రయాణానికి ఒకటి చొప్పున, ఆత్మకూరు, ఉదయగిరి, పామూరు, కనిగిరి, పొదిలి, మార్కాపురం లాంటి ఊళ్ల బస్టాండ్లలో ఒక్కో గది ఇలా కట్టించి, తాళం వేయకుండా, శుభ్రంగా ఉంచగలిగితే, మా అమ్మలాంటివాళ్లు నీళ్లు తాగి ప్రయాణం చేస్తారు. ఒక్క ఊళ్లో కట్టి ఫొటో తీయించుకుంటే సరిపోదు. దారిలో ఒకటి తప్పినా ఆ రోజంతా నీళ్లు మానేయాల్సిందే కదా.

కాళ్లు బిగుసుకుపోవడం మన దగ్గర వయసుతో వచ్చేది మాత్రమే కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. కనిగిరి, పామూరు, పీసీ పల్లి పక్క పల్లెల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార పట్టడంతో ఆగదు, ఎముకల్లో చేరుతుంది, వెన్ను, మోకాళ్లు బిగిసిపోతాయి. యాభై ఏళ్లకే మెడ తిప్పలేని మనుషులు అమ్మ పుట్టింటి ఊళ్లో ఉన్నారు. వాళ్ల తర్వాతి తరానికి నీళ్లు శుద్ధి చేసి ఇస్తున్నారు, సంతోషం. బిగుసుకుపోయిన కాళ్లతో మిగిలినవాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్లకు భైరవకోన పక్కనే. ఆ మనుషులే అక్కడి గుహ గుళ్ల దగ్గరికి పోలేకపోతే పర్యాటకం ఎవరికోసం?

భైరవకోన సంగతే కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అమ్మ ఎక్కువగా తలుచుకునేది దాన్నే. కొండను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం, చుట్టూ అడవి. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల అమ్మవారి ముఖం మీద పడుతుందని చెబుతారు. చిన్నప్పుడు వాళ్ల నాయన భుజాల మీద కూర్చుని ఆ వెన్నెల చూశానంటుంది. ఎంతో పాత రాతిపని అది. ఆ రాతిని చెక్కి ర్యాంపు కట్టమని నేనెందుకు అడుగుతాను? రాతిని ముట్టుకోకుండా, అవసరమైనప్పుడు వేసి తర్వాత తీసేసే చెక్క ర్యాంపులుంటాయి. అది కూడా పెట్టలేని చోట, గుహలు నిండుగా కనబడే ఒక చదును జాగా చూసి, అక్కడిదాకా చక్రాలు కదిలే బాట వేసి, రెండు బెంచీలు, ఒక నీడ ఏర్పాటు చేస్తే చాలు. అక్కడ కూర్చుని అమ్మ ఆ కొండను, నీళ్లను ఒక గంట చూడగలిగితే ఆమెకు తృప్తి.

ఉదయగిరి కోట విషయంలో కూడా నాది ఇదే మాట. అంత ఎత్తు కొండ మీదికి వీల్‌చైర్ ఎక్కించమని ఎవరూ అనరు. కానీ కొండ కింద ఊళ్లోనే చెక్కతో గరిటెలు, చెంచాలు చేసే పనివాళ్లున్నారు. ఆ చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కోట కింద ఒక గది, అందులో కోట ఫొటోలు, పనివాళ్లు చెంచా చెక్కుతుంటే ఎదురుగా కూర్చుని చూసే వీలు ఉంటే, ఎక్కలేనివాళ్లు కారులో కూర్చుని ఎక్కినవాళ్ల కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు. మా అమ్మ వంటింట్లో చెక్క గరిటెలతోనే బతికిన మనిషి. ఆ పని చూడటానికి ఆమె కోట చూసినంత ఇష్టపడుతుంది.

గుళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. కొన్నిచోట్ల బయట తిరిగిన వీల్‌చైర్ లోపలికి రానివ్వరు. ఆ ఆచారాన్ని నేను తప్పుపట్టను. అయితే లోపల వాడటానికే గుడి తరఫున రెండు కుర్చీలు ఉంచవచ్చు కదా? మార్చి కూర్చోబెట్టడానికి ఒక మనిషి ఉంటే చాలు. క్యూ లైన్ల ఇనుప కమ్మీల మధ్య వెడల్పు కూడా ఒకసారి చూడండి. మామూలు మడత వీల్‌చైర్ రెండడుగుల పైనే ఉంటుంది, మలుపు దగ్గర ఇంకా ఎక్కువ చోటు కావాలి. మలుపులో ఇరుక్కుంటే వెనక్కి రావడానికీ దారి ఉండదు, వెనక యాభై మంది. మాలకొండ స్వామి గుడి వారంలో శనివారం ఒక్కరోజే తెరుస్తారు. జనమంతా ఆ ఒక్కరోజే వస్తారు. రద్దీ లేని రోజు చూసుకుని రమ్మనే మాటే ఉండదు. అలాంటిచోట పొద్దున మొదటి గంట నడవలేనివాళ్లకు కేటాయిస్తే, ఎంతోమంది ముసలివాళ్లు మళ్లీ ఒకసారి స్వామిని దగ్గరగా చూస్తారు.

కమ్మీలు ఒక వైపే పెట్టడం గురించి కూడా చెప్పాలి. అమ్మ ఎడమ చేయి పైకి లేవదు. కుడి వైపు కమ్మీ ఉంటే నెమ్మదిగా ఎక్కేస్తుంది. దిగేటప్పుడు అదే కమ్మీ ఎడమ వైపుకి వస్తుంది. ఎక్కగలిగిన మనిషి దిగలేక పైన నిలబడిపోతుంది. పక్షవాతం వచ్చి ఒక చేయి పడిపోయిన ప్రతి ఒక్కరిదీ ఇదే కష్టం. కమ్మీ పెట్టించేటప్పుడు రెండు వైపులా పెట్టించండి. ఖర్చు రెట్టింపైనా అది పెద్ద ఖర్చేమీ కాదు.

ర్యాంపులు చాలాచోట్ల ఉన్నాయి, ఉన్నాయని రికార్డుల్లో కూడా రాసుకుని ఉంటారు. వాటి వాలు చూడండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది నియమం. అరడుగు మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. నేను చూసినవాటిలో చాలా వరకు ఐదారు అడుగుల్లోనే లేచిపోతాయి. అవి బైకులు లోపలికి ఎక్కించుకోవడానికి బాగుంటాయి. ఒకచోట ర్యాంపు కింద బైకు ఆపి ఉంది, పైన గుమ్మం దగ్గర మళ్లీ ఒక మెట్టు ఉంది. వీల్‌చైర్ వెనకనుంచి తోస్తుంటే అమ్మ ముందుకు జారకుండా సీటు అంచులు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. అలాంటి ర్యాంపు కన్నా మెట్లే నయం, కనీసం మెట్లు ఏమిటో చూడగానే తెలుస్తుంది.

ఇవన్నీ దయతో చేయమని అడిగేవి కావు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. జనం వాడే పాత భవనాలన్నీ ఐదేళ్లలో అందరూ వాడుకునేలా మార్చాలని అందులో 45వ సెక్షన్ చెబుతుంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే గడువు 2022 జూన్‌తో అయిపోయింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ముందుకెళ్లి, ఈ ప్రమాణాలు వట్టి సలహాలుగా ఉంటే కుదరదని, తప్పనిసరిగా పాటించే నియమాలు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. మా అమ్మ దగ్గర దివ్యాంగుల సర్టిఫికెట్ లేదు. ముసలితనానికి సర్టిఫికెట్ ఎవరు తీసుకుంటారు? కానీ సర్టిఫికెట్ ఉన్న కుర్రవాడి కోసం కట్టిన ర్యాంపు మీద ఆమె కూడా వెళ్తుంది, పసిబిడ్డను బండిలో తోసుకొచ్చే తల్లి కూడా వెళ్తుంది.

ఆర్టీసీ వాళ్లకు ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. మా వీధిలో ఆడవాళ్లు దానితో ఎన్ని ఊళ్లు తిరిగారో, ఎంత సంబరపడ్డారో చూశాను, మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అమ్మకు కూడా ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ డబ్బులు అక్కర్లేదు. ఆమెకు అడ్డం వచ్చేది పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు. అది ఆమె మోకాలి ఎత్తుంటుంది. మోకాలే వంగని మనిషి అంత ఎత్తుకు కాలెలా వేస్తుంది? కింద వేసుకోవడానికి ఒక గట్టి చెక్క పీట ప్రతి బస్సులో ఉంచండి. కండక్టరు దించి పెట్టి, ఎక్కాక లోపల వేసుకుంటే సరి. ఆమె కూర్చునేదాకా బస్సు కదలకుండా ఉంటే ఇంకా మేలు. అలా ఆపి, వెనక్కి తిరిగి చూసి, "కూర్చున్నావా అవ్వా?" అని అడిగి మరీ గేరు వేసిన డ్రైవర్లను నేను చూశాను. వాళ్లకు దణ్ణం. వాళ్లు మనసుకొద్దీ చేసేదాన్ని మీరు పద్ధతిగా చేయించండి.

నడికుడి, శ్రీకాళహస్తి రైలు మార్గం కూడా ఇప్పుడు మన మెట్టలోనే దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, ఆత్మకూరు, వెంకటగిరి మీదుగా వేస్తున్నారు. అది రైల్వేది, మీది కాదు. అయినా స్టేషన్లు కట్టేటప్పుడే ప్లాట్‌ఫారాల ఎత్తు, ర్యాంపులు, టాయిలెట్లు సరిగా ఉండేలా చూడమని జిల్లా తరఫున ఒక లేఖ రాయగలిగేది మీరే. కట్టేశాక పగలగొట్టి మార్చడం ఎవరివల్లా కాదు.

సముద్రం గురించి అడిగితే ఇసుకలో చక్రాలు కూరుకుపోతాయి, ఏం చేయగలమంటారు. మనకు పక్కనే చెన్నై ఉంది. 2022 నవంబరులో మెరీనా బీచ్‌లో వీల్‌చైర్లు నీళ్ల దగ్గరిదాకా వెళ్లేలా చెక్క బాట వేశారు. రెండు వారాలు తిరక్కుండానే మాండౌస్ తుఫానుకి అది దెబ్బతింది. బాగు చేశారు. తుఫాన్లు మనకు కొత్త కాదు కాబట్టి ఈ సంగతి కూడా చెబుతున్నాను. మైపాడులో, కొత్తపట్నంలో అంత పెద్దది అక్కర్లేదు. వానలు వచ్చేముందు ఎత్తిపెట్టుకునేలా ముక్కలు ముక్కలుగా ఉండే బాట వేసినా చాలు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు గూళ్లు కట్టే చలికాలంలో జనం బాగా వస్తారు. టవర్ ఎక్కలేనివాళ్ల కోసం కిందనే, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఒక టెలిస్కోప్ బిగించండి.

సాయం చేసే మనుషులు మన దగ్గర లేరని నేను అనడం లేదు. మన జిల్లాల్లో ఎక్కడ కారు ఆపినా నలుగురు వస్తారు. ఒక కొండ దగ్గర కుర్రాళ్లు వచ్చి, "అవ్వను కుర్చీతో సహా ఎత్తుకుంటాం, నువ్వు పక్కకి జరుగక్కా" అన్నారు. ప్రేమతో అన్నారు, ఎత్తుకున్నారు కూడా. అమ్మ ఆ కాసేపూ చీర కుచ్చిళ్లు రెండు చేతులా అదిమి పట్టుకుని, తల ఎత్తకుండా కూర్చుంది. కింద దించాక వాళ్ల తల నిమిరి, చల్లగా ఉండమంది. ఇంటికొచ్చాక నాతో, "ఇంకెప్పుడూ నన్నట్లా మోయించొద్దు మే" అంది. ఎంత మంచివాళ్లయినా పరాయి మగపిల్లలు మోయాల్సి రావడం ఆమెకు బాధే. అందుకే మంచి మనుషులున్నారు కదా అని బాటలు, కమ్మీలు వాయిదా వేయకండి.

కొలతల సంగతికి మళ్లీ వస్తాను. ఊళ్ల సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు. ఒక్కొక్కరికి తమ పరిధిలోని ఒక చోటు అప్పగిస్తే పూటలో పని అయిపోతుంది. కారు ఆగే చోటి నుంచి ఎన్ని అడుగులు, నేల ఎలాంటిది, మెట్లెన్ని, ఎత్తెంత, కమ్మీ ఏ వైపు, తలుపు వెడల్పు, కమోడ్ ఉందా, బెంచీలెక్కడ, దగ్గరలో ఆసుపత్రి ఏది. కొలిచిన తేదీ వేసి, మెట్లవి, బాత్రూమ్ తలుపువి నాలుగు ఫొటోలు పెట్టాలి. వానకు బాట కొట్టుకుపోతే మళ్లీ రాయాలి. వాట్సాప్‌లో "మన మిత్ర" ద్వారా గుళ్ల సేవలు, ఆర్టీసీ టికెట్లు ఇస్తున్నారు కదా, ఈ వివరాలు కూడా అందులోనే పెట్టవచ్చు. చదవలేనివాళ్ల కోసం ఆ చోటి మనిషే మాట్లాడే ఒక నంబరు ఉండాలి, మోగితే ఎత్తాలి.

ఒక షరతు మాత్రం ఉంది. కొలిచే రోజున నడవలేని మనిషి ఒకరు పక్కన ఉండాలి. బెంచీ మరీ కిందకి ఉంటే లేవలేమని, తలుపు గడియ అందడం లేదని, ఆ రెండంగుళాల గడప దగ్గరే ముందు చక్రం ఆగిపోతోందని కూర్చున్న మనిషికే తెలుస్తుంది. ప్రతి మండలంలో అలాంటివాళ్లు దొరుకుతారు, పిలిస్తే సంతోషంగా వస్తారు. వాళ్లకు రానూపోనూ ఆటో ఖర్చు, ఆ పూట కూలి ఇవ్వండి.

"అసలు ముసలివాళ్లు ఎక్కడ వస్తున్నారు, ఎవరికోసం ఇదంతా" అని మీ కింద పనిచేసేవాళ్లు ఎవరైనా అనవచ్చు, నాతో ఒకరు అన్నారు కూడా. రాలేకపోవడం వల్లే కనబడటం లేదు. ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఇంట్లో ఒక ముసలివాళ్లు ఆగిపోతే వాళ్లను చూసుకోవడానికి ఇంకొకరు ఆగిపోతారు, చివరికి ఇల్లంతా ఆగిపోతుంది. వాళ్లు కదిలితే కారు నిండా కదులుతాం. హోటల్లో తింటాం, గది తీసుకుంటాం, కోన దగ్గర అమ్మే తేనె కొంటాం.

మాకు దొరికే కాలం తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వానలు, తుఫాన్లు. మార్చి వస్తే అమ్మ ఎండకు తట్టుకోలేదు. సంక్రాంతి అయ్యాక ఐదారు వారాలు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు వెలిగే రోజులు, అదే మా ప్రయాణాల సమయం. వచ్చే సంక్రాంతి తర్వాత ముందు పుట్టింటి పల్లెకు, అక్కడి నుంచి భైరవకోనకు తీసుకెళ్లాలని అనుకుంటున్నాం. ఈలోపు బెంచీలు, బాటలు అన్నీ అయిపోవాలని అడగను. ఆ ఒక్క కోన కొలతలు, దారిలో కమోడ్ ఉన్న ఒక బాత్రూమ్ ఎక్కడుందో, ఈ రెండు చెప్పండి చాలు. కొలవడానికి నడవలేని మనిషి కావాలంటే మా అమ్మ వస్తానంటోంది. ఏ రోజు రమ్మంటారో రెండు రోజుల ముందు చెప్పండి, టేపు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
కావలి నుంచి ఒక కూతురు